అంబులెన్సు కొలువు కడదాఁకఁ జేయఁదగినదే
(మండపేట వార్షిక మహాసభలో గావించిన యుపన్యాసము)



మన సంఘమువారి విద్యానిధి ప్రతివత్సరమును వైద్యవిద్యకును, ఇంజనీరింగు విద్యకును మాత్రమే విద్యార్థివేతనముల నొసఁగుచున్నది. అంబులెన్సు కొలువునకు సిద్ధపడువారికిని ఒసఁగవలయునని ప్రతిపాదించుటకే మేమిచ్చట నిలిచితిమి. "అదియు నొక యుద్యోగమేనా, మాస్టారూ?" అని యీ మండపేటలోనే పెద్దలు పలువురు మమ్మడిగిరి.

ఇది నిన్న మొన్న పుట్టిన ధర్మము కాదు. శస్త్రములను, ఔషధములను, కట్టుగుడ్డలను చేతఁబట్టిన చికిత్సకులు సేనకు వెనుక నిలువవలయునని కౌటిల్యుఁడు అర్థశాస్త్రమున విధించెను. సుశ్రుతుఁడు సేనతోఁ బోవు వైద్యునిఁ గూర్చి ప్రత్యేకముగా నొక యధ్యాయమునే వ్రాసెను. మన రాష్ట్రమున 108 సేవ 2005వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీని ప్రారంభమయ్యెను. (జపమాలకుఁ బూసలెన్నియో యీ సంఖ్యయు నంతియే గనుక వృద్ధులును మఱవరు.)

బండిలో నిద్దఱుందురు. నడుపువానిని పైలటందురు. రోగి ప్రక్కనుండువానిని ఇ.ఎం.టి. యందురు, అనఁగా అత్యవసరవైద్యమున శిక్షణము పొందినవాఁడు. ఈతఁడు వట్టి మోఁతగాఁడు కాఁడు. తాటిచెట్టునుండి పడినవానిని నలుగురు కాలుసేతులు పట్టి యెత్తినచో వెన్నెముక చెడి వాఁడు యావజ్జీవము మంచమున నుండవచ్చును, ఇ.ఎం.టి. మెడ కదలకుండఁ గట్టి బల్లపైఁ జేర్చి తెచ్చును. కోఁతలనాఁడు పాము కఱచినవాని కాలికి బంధువులు త్రాడు బిగింతురు; దానివలని కీడెఱిఁగినవాఁడు గనుక నతఁడు కాలు కదలనీయక, మంత్రగాని యింటికిఁ గాక, విషహరౌషధమున్న యాసుపత్రికిఁ గొనిపోవును. మార్గమధ్యమునఁ గాన్పు వచ్చెనా, బండి నాఁపి బిడ్డను తన చేతులలోనికే తీసికొనును. కాలువగట్టుమీఁద ధాన్యపు ట్రాక్టరెదురైనచో పైలటు వెనుకకు నడిపి దారి యిచ్చి మరలఁ గదలవలసినదే. ఆ పోవు నిమిషములు రోగివి.

అయినను మన పిల్లలనేకులు సర్కారు నోటిఫికేషను వచ్చువఱకే యిందుండి, రెండేండ్లకు మానివేయుచున్నారు. వారిని నిందింపము. కొలువు ఖాయమైనది కాదు. సేవకుఁ బోషకులు 2009లో మాఱిరి. నిర్వాహకులు 2020లో మాఱిరి. మాఱినపుడెల్ల పనివారి గుండె జల్లుమనును. రాత్రికాపు, నడుమునొప్పి, కన్నుమూసిన పసివాని ముఖము నిద్రలోఁ గనఁబడుట, ఇవియన్నియు నున్నవి. పైగా పిల్ల నిచ్చువారు ముఖము చిట్లింతురు.

ఉపాధ్యాయవృత్తిలో మొదటి యేఁడందఱును బాగుగనే చెప్పుదురు; పదవ యేఁటఁ జెప్పెడి పాఠమే పాఠము. అంబులెన్సునందు నంతే. 2005లోఁ జేరి నిలిచినవారికి 2025 నాఁటికి ఇరువదియేండ్లు నిండినవి. ఆ నేర్పు ఏ గ్రంథమునను దొరకదు. నిలువఁగోరువాఁడు మోఁకాళ్లు వంచి బరువెత్తుట మొదటినాఁడే యభ్యసింపవలయును. ఆసుపత్రిలో నప్పగించిన రోగి యేమయ్యెనో మఱునాఁడు విచారించి తన పనిలోని లోపమును తెలిసికొనవలయును. మనసు బరువైనపుడు తోడివారితోఁ జెప్పుకొనవలయును. అనుభవమున్నవానికి శిక్షకుఁడగుటకును, పర్యవేక్షకుఁడగుటకును దారి కలదు. 2021లోఁ గేంద్రప్రభుత్వము చేసిన అనుబంధ ఆరోగ్యవృత్తుల చట్టమున నీ వృత్తికిఁ బేరు పెట్టి స్థానమిచ్చిరి. చట్టమిచ్చిన గౌరవమును పెండ్లిచూపులలో మనమీయకున్నాము.

ఒక పెద్ద "ఎవరెవరి రక్తమునో మన పిల్లవాఁడు ముట్టుట యేమి?" యనెను. రక్తమును దుడుచు చేయి కులమడిగి తుడువదు. కులసభలో నీ మాట కొందఱికి రుచింపకపోవచ్చును, చెప్పక మానము. మన యింటివానికి ప్రమాదమైననాఁడు వచ్చువాఁడెవ్వఁడో మనమును అడుగఁబోము.

మా తీర్మానమిది: వత్సరమున కిద్దఱికి, బాలునకొకటి, బాలికకొకటి, శిక్షణకాలపు ఖర్చును విద్యానిధి భరించవలయును, ఐదేండ్లు కొలువున నిలిచినవారిని ఈ వేదికపై సన్మానింపవలయును. రేపటి యుదయసభలో దీనిని చర్చకుంచుటకు కార్యదర్శిగారు సమ్మతించిరి.