ముక్కునకు పరీక్ష
(మన సంఘ సభలో చేసిన ప్రసంగపాఠము)



కంటికి పరీక్ష యున్నది. చెవికి పరీక్ష యున్నది. ముక్కును మాత్రము జలుబు చేసిననాడు తప్ప మనము తలంపము. 2020లో కోవిడ్ వ్యాపించి లక్షలాది జనులు వాసన కోల్పోయినప్పుడు గాని ఈ యింద్రియముయొక్క విలువ లోకమునకు తెలిసిరాలేదు.

వైద్యులు ఘ్రాణశక్తిని మూడు విధముల పరీక్షింతురు. ఎంత పలుచని వాసనను పసిగట్టగలరో చూచుట మొదటిది. రెండు వాసనల భేదము నెఱుగగలరా యనునది రెండవది. వాసనకు పేరు చెప్పుట మూడవది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన రిచర్డ్ డోటీ బృందము 1984లో ప్రకటించిన పరీక్షలో 40 వాసనలున్నవి. కాగితమును గీకి, వాసన చూచి, నాలుగు పేర్లలో నొకటి యెన్నుకొనవలెను. జర్మనీలో వాసన నింపిన కలములతో పరీక్షింతురు. అయితే ఎన్నడు నెఱుగని విదేశపు వాసనకు పేరు చెప్పలేకపోవుట ముక్కు దోషము కాదు. మన పరీక్షకు మన వంటింటి డబ్బాలే తగినవి.

కన్నులు మూయించి, ఒక్కొక్క ముక్కుపుటము మూయించి, కాఫీపొడి, లవంగములు, ఇంగువ వాసన చూపుడు. నడుమ ఖాళీ డబ్బా యొకటి యుంచుడు; ఊహించి చెప్పువారు దానితో బయటపడుదురు. అమ్మోనియా, అమృతాంజనము పనికిరావు. వాని ఘాటును గ్రహించునది వేరొక నాడి. వాసన పోయినవానికిని కన్ను చెమర్చును.

భిలాయి వాసులమైన మనకిది వినోదము కాదు. వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు. కారినప్పుడు తెలియుటకై మెర్కాప్టను కలుపుదురు. వయసు పైబడినకొలది ఘ్రాణశక్తి తగ్గును. తగ్గినదని ఆ మనిషికే తెలియకపోవచ్చును. కోకు ఓవెన్ వాయువులోని హైడ్రోజన్ సల్ఫైడు కుళ్ళిన గ్రుడ్డువలె కంపుకొట్టును గాని, మోతాదు మించినచో ముక్కునే మొద్దుబార్చును. కంపు పోయినదని, ప్రమాదము పోయినదని భ్రమింతుము. బ్లాస్టు ఫర్నేసు వాయువులోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. 2014 జూన్ 12న మన కర్మాగారములో వాయువు వెలువడి ఆరుగురు మరణించిరి. అట్టి వాయువు ముందు ఎంత చుఱుకైన ముక్కైనను నిష్ప్రయోజనమే.

కావున కర్మాగారములో ముక్కును నమ్మకుడు; వాయుమాపకమును నమ్ముడు. ఇంటిలో ముక్కును నమ్ముడు, కాని పరీక్షించి నమ్ముడు. ఈ ఆదివారము మీ యింటి పెద్దల చేతికి ఇంగువ డబ్బా నందింపుడు. వారు ఖాళీ డబ్బాకును దానికిని భేదము చెప్పలేకపోయినచో నవ్వకుడు. వైద్యునికి చూపుడు, పొయ్యి కట్టివేయు బాధ్యత మీరు వహింపుడు.