చావు తేదీలే కాదు, బతికిన బతుకు యాది చేసుకుందాం

(ఉస్మానియా విశ్వవిద్యాలయ పూర్వ విద్యార్థుల సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉస్మానియాలో సంస్మరణ సభ అంటే ఒక పద్ధతి పడిపోయింది. ఫొటోలకు పూలదండలు వేస్తాం. రెండు నిమిషాలు మౌనం పాటిస్తాం. 'అమర్ రహే' అని నినదిస్తాం. తర్వాత వక్త లేచి అంకెలు చెప్తడు. 1969లో 369 మంది, మలి దశలో 1,200 మంది అని. ఇందులో తప్పేం లేదు. ఆ అంకెలే లేకపోతే ఢిల్లీకి మన గోడు వినపడేది కాదు. కానీ 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. అదే నెల అసెంబ్లీ అమరుల కుటుంబాలకు పది లక్షల సాయం ప్రకటించింది. ఆ తర్వాత ఎవరు అమరుడు, ఎవరు కాదు అన్న పంచాయితీ మొదలైంది. లెక్కల తగువు ఇప్పటికీ తెగలేదు. బిడ్డ పోయిన తల్లిని కాగితం తెమ్మన్న రోజు నుంచి, అంకె అంటేనే మాకు భయం పట్టుకుంది.

అందుకే ఈ రోజు మేము అంకెలు చెప్పం. ఈ చెట్ల కింద చదువుకుని వెళ్లిపోయిన కొందరి బతుకుల గురించి మాట్లాడుతం. వాళ్లు ఎట్ల చనిపోయిండ్రో మనకు తెలుసు. ఎట్ల బతికిండ్రో సగం మందికి తెలియదు.

ముందు ఈ యూనివర్సిటీ ముచ్చట. 1918లో పుట్టింది. దేశమంతా ఇంగ్లిషులో చదువు చెప్తున్న కాలంలో ఇక్కడ సైన్సు, లా, వైద్యం, ఇంజనీరింగ్ అన్నీ ఉర్దూలో చెప్పారు. అందుకోసం ఏకంగా ఒక అనువాద శాఖనే పెట్టి వందలాది పుస్తకాలు ఉర్దూలోకి తెచ్చారు. మనం మెట్ల మీద కూర్చుని ఫొటోలు దిగే ఆర్ట్స్ కాలేజీ భవనం 1939లో ప్రారంభమైంది. దానికి ఒక్క సంవత్సరం ముందే, 1938లో, హాస్టళ్లలో వందేమాతరం పాడినందుకు ఇదే యూనివర్సిటీ తన విద్యార్థులను వందల సంఖ్యలో బయటికి పంపింది. నాగపూర్ విశ్వవిద్యాలయం వాళ్లను చేర్చుకుంది. ఆనాడు వెళ్లగొట్టిన వాళ్లనే తర్వాత మన గర్వకారణం అని చెప్పుకున్నాం. ఇంటి నుంచి గెంటేసిన కొడుకు పెద్దోడైతే 'మావోడే' అంటాం కదా, అట్లన్న మాట.

1948 తర్వాత చదువు ఇంగ్లిషులోకి మారింది. ఉర్దూలో డిగ్రీ చేసినోడు ఒక్కసారిగా చదువురానోడి కింద లెక్కకొచ్చిండు. 1952లో ముల్కీ ఉద్యమం ఊరికే రాలేదు. పట్టా చేతిలో ఉండి కొలువు లేని వాళ్ల కోపం అది. సిటీ కాలేజీ దగ్గర కాల్పులు జరిగాయి. ఉద్యోగ సంఘాల మిత్రులు జీవోల నంబర్లు గుక్క తిప్పుకోకుండా చెప్తరు. ఆ నంబర్ల వెనక ఉన్న తొలి తరం ఇదే.

ఆ ఉర్దూ చదువులోంచి వచ్చిన వాడే మఖ్దూం మొహియుద్దీన్. 1908లో మెదక్ జిల్లా అందోల్‌లో పుట్టిండు. చిన్నప్పుడే తండ్రి పోతే చిన్నాయన పెంచిండు. 1936లో ఇక్కడ ఎం.ఏ. పూర్తి చేసి, సిటీ కాలేజీలో పాఠాలు చెప్పి, ఆ కొలువు వదిలేసి కార్మిక సంఘాల్లోకి పోయిండు. జైలు చూసిండు, అజ్ఞాతం చూసిండు. 1952లో హుజూర్‌నగర్ నుంచి అసెంబ్లీకి పోయిండు. ఒక పక్క మిల్లు గేటు దగ్గర ఉపన్యాసం, ఇంకో పక్క మల్లెపందిరి కింది ప్రేమ కవిత. ఆయన రాసినవి తర్వాత హిందీ సినిమాల్లో పాటలయ్యాయి. 'బిసాత్-ఎ-రఖ్స్' కు సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చిన 1969లోనే, ఆగస్టు 25న ఢిల్లీలో కన్నుమూసిండు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలె. 1969లో మన పిల్లలు వీధుల్లో ఉన్నప్పుడు మఖ్దూం పార్టీ ప్రత్యేక రాష్ట్రానికి వ్యతిరేకంగా నిలబడింది. అందుకని ఆయన్ను మన జాబితాలోంచి కొట్టేద్దామా? కొట్టేస్తే నష్టం ఆయనకు కాదు. మనతో ఏకీభవించిన వాళ్లే మన వాళ్లు అనుకుంటే ఈ యూనివర్సిటీ చరిత్ర రెండు పేజీల్లో అయిపోతది.

మా వృత్తి వాడు షోయబుల్లాఖాన్ సంగతి చూడండి. మానుకోట దగ్గరి సుబ్రవేడులో 1920లో పుట్టిండు. ఉస్మానియాలో బి.ఏ. చేసిండు. ఆ రోజుల్లో చదువుకున్న ముస్లిం యువకుడికి నిజాం కొలువు దొరకడం కష్టమేమీ కాదు. పత్రికలోకి పోయిండు. 'తేజ్'లో రాసిండు, మందుముల నరసింగరావు నడిపిన 'రయ్యత్'లో రాసిండు. సర్కారు వాటి నోరు మూయిస్తే సొంతంగా 'ఇమ్రోజ్' పెట్టిండు. హైదరాబాద్ భారత యూనియన్‌లో కలవాలని ఉర్దూలో, రజాకార్ల ఇలాకాలోనే, పేరు పెట్టి రాసిండు. బెదిరింపులు వచ్చినా కలం ఆపలేదు. 1948 ఆగస్టు 21 రాత్రి ఆఫీసు పని ముగించుకుని కాచిగూడలో ఇంటికి పోతుంటే కాల్చి, చెయ్యి నరికిండ్రు. వెంట ఉన్న బావమరిది చెయ్యీ తెగింది. తెల్లారేసరికి ప్రాణం పోయింది. 28 ఏళ్లు కూడా నిండలేదు. నెల తిరగకముందే రజాకార్ల రాజ్యం కూలిపోయింది.

ఆ తెగిన చెయ్యి గురించి అందరం మాట్లాడుతం. ఆ చెయ్యి రాసిన సంపాదకీయాలు తెలుగులోకి ఎన్ని వచ్చాయి? ఉర్దూ విభాగం, జర్నలిజం విభాగం ఒకే క్యాంపస్‌లో ఉన్నాయి. నడుచుకుంటూ పోతే ఎంత దూరం?

చచ్చినోళ్లను చెడు అనొద్దంటరు మన పెద్దలు. కానీ యాది అంటే భజన కాదు. మర్రి చెన్నారెడ్డి ఉస్మానియాలో వైద్యం చదివిన మనిషి. 1969 ఉద్యమానికి నాయకుడయ్యిండు. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి 14 సీట్లలో 10 గెలిచింది. తుపాకీ గుండ్ల నడుమ పుట్టిన ఓట్లు అవి. కొన్ని నెలలకే పార్టీని కాంగ్రెస్‌లో కలిపేసిండు. తర్వాత ఉమ్మడి రాష్ట్రానికి రెండుసార్లు ముఖ్యమంత్రి అయ్యిండు. 1996లో కన్నుమూసిండు. ఆయన గురించి రాసే పేజీలో ఈ రెండూ ఉండాలె. జనాన్ని కదిలించిన శక్తీ ఉండాలె, 1971లో ఊరూరా మిగిలిన ఆ మౌనమూ ఉండాలె. ఒక్కటే రాస్తే రేపటి పిల్లలను మోసం చేసినట్లే.

జార్జిరెడ్డి తెలంగాణలో పుట్టలేదు. 1947లో కేరళలోని పాలక్కాడ్‌లో పుట్టిండు. ఇక్కడ ఫిజిక్స్ చదివి బంగారు పతకం తెచ్చుకుని పరిశోధనలో చేరిండు. 1972 ఏప్రిల్ 14న ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ దగ్గర కత్తులతో పొడిచి చంపిండ్రు. అప్పటికి 25 ఏళ్లు. పోస్టర్ మీద పిడికిలి బిగించిన జార్జి అందరికీ తెలుసు. ప్రయోగశాలలో కూర్చుని లెక్కలు వేసుకున్న జార్జి ఎవరికీ తెలియదు. చదువులో ముందుండి కూడా కొట్లాటకు ముందుకొచ్చిండు అనే ఆ ఒక్క సంగతి, 'రాజకీయాలెందుకు, చదువుకోరాదు?' అని పిల్లలను గదిమే వాళ్లకు చాలిన జవాబు.

కొట్లాడిన వాళ్లనే చెప్పుకుంటే బిరుదురాజు రామరాజు గారి లాంటి వాళ్లు పక్కకు పోతరు. వరంగల్ దగ్గరి దేవనూరు ఆయనది. తెలుగులో ఈ యూనివర్సిటీ ఇచ్చిన తొలి పీహెచ్‌డీ ఆయనదే. విషయం ఏమిటి? ప్రబంధాలు కాదు. జానపద గేయాలు. నాట్లేసే ఆడవాళ్లు, తిరుగలి విసిరే అవ్వలు పాడుకునే పాటలు. మన భాషను తౌరక్యాంధ్రమని ఎక్కిరించే రోజుల్లో, ఆ అవ్వల పాటకు పట్టా ఇప్పించిండు. తాళపత్రాల కోసం ఊళ్లు తిరిగిండు. 2010 ఫిబ్రవరి 8న కన్నుమూసిండు. అప్పుడు క్యాంపస్ చుట్టూ ముళ్లకంచెలు, లోపల బాష్పవాయువు. ఆ గలాటాలో ఆయన మరణానికి దక్కాల్సిన చోటు దక్కలేదు. ఉద్యమంలో మనం కట్టిన ప్రతి ధూంధాం వేదిక కింద ఆయన పేర్చిన రాయి ఒకటి ఉంది.

పాకాల యశోదారెడ్డి గారు ఇంకో రాయి. పాలమూరు జిల్లా బిజినేపల్లి ఆడబిడ్డ. ఇక్కడే చదివి, డాక్టరేట్ తీసుకుని, ఇక్కడే ప్రొఫెసర్ అయ్యారు. తరగతిలో కావ్యాలు చెప్పిన అదే మనిషి, కథకు కూర్చుంటే పాలమూరు పల్లె మాట మాట్లాడేవారు. 'మా ఊరి ముచ్చట్లు' చదివితే మన అమ్మమ్మ పక్కన కూర్చున్నట్లే ఉంటది. 2007లో పోయారు. మన సభల ఫ్లెక్సీల మీద ఆడవాళ్ల బొమ్మలు ఎన్ని ఉంటాయో ఒకసారి లెక్కపెట్టండి. అంకెలు చెప్పమని అన్నాం గానీ, ఈ ఒక్క లెక్క మాత్రం పెట్టాలె.

జయశంకర్ సారు గురించి ఈ ప్రాంగణంలో కొత్తగా చెప్పేదేముంది అనిపిస్తది. అయినా ఒక్కటి. అక్కంపేటలో 1934 ఆగస్టు 6న పుట్టిన సారు, ఉస్మానియాలో అర్థశాస్త్రంలో డాక్టరేట్ చేశారు. ఆయన ఉద్యమం ఆ అర్థశాస్త్రంలోంచే నడిచింది. నీళ్లు ఎన్ని టీఎంసీలు, మిగులు నిధులు ఎటు పోయాయి, కొలువులు ఎవరికి దక్కాయి అని కాగితం పట్టుకుని ఊరూరా తిరిగి చెప్పారు. పది మంది ఉన్నా చెప్పారు, పది వేల మంది ఉన్నా అదే గొంతుతో చెప్పారు. భావవ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అని మూడు మెట్లు చూపించారు. మూడో మెట్టు ఎక్కకముందే, 2011 జూన్ 21న వెళ్లిపోయారు. ఆయన పేరు మీద జిల్లా ఉంది, విగ్రహాలు ఉన్నాయి. లెక్క అడిగే ఆ అలవాటు ఎంత మందిలో ఉంది? రాష్ట్రం వచ్చినంక లెక్క అడగడం ద్రోహం ఎట్లయితది?

సారు పుట్టిన ఆగస్టు 6 తారీఖునే, 2023లో గద్దర్ పోయిండు. తూప్రాన్ నుంచి వచ్చి ఇదే ఇంజనీరింగ్ కాలేజీలో సీటు సంపాదించి, చదువు మధ్యలో వదిలేసి గొంగడి భుజానేసుకున్న మనిషి. పట్టా లేదు గనుక పూర్వ విద్యార్థి కాదంటరా ఎవరైనా?

ఇక మా తరం. 2009 నవంబర్ చివర క్యాంపస్‌లో లాఠీలు విరిగినప్పుడు మేమంతా ఇక్కడే ఉన్నాం. డిసెంబర్ 9 అర్ధరాత్రి ప్రకటన వింటూ ఎగిరినం. పక్షం తిరగకముందే ఢిల్లీ మాట మార్చింది. 2010 జనవరి 3న ఆర్ట్స్ కాలేజీ ముందు విద్యార్థి గర్జనలో ఇసుకేస్తే రాలని జనం. ఆ తర్వాత కూడా చావులు ఆగలేదు. ఫిబ్రవరి 20న, అసెంబ్లీ ముట్టడి రోజున, ఎన్‌సీసీ గేటు దగ్గర సిరిపురం యాదయ్య ప్రాణం తీసుకున్నడు. అతను ఈ యూనివర్సిటీ విద్యార్థి కాదు. తల్లిదండ్రులు లేని పిల్లగాడు. అయినా ఉస్మానియా గేటు దగ్గరికే వచ్చిండు. పూర్వ విద్యార్థుల జాబితాలో పేరు లేకున్నా మన పుస్తకంలో అతనికి పేజీ ఉండాలె.

ఈ చావులను గొప్ప చేసి చెప్పడం మాకు ఇష్టం లేదు. అప్పుడూ 'చావొద్దు, బతికి కొట్లాడుదాం' అని హాస్టల్ గదుల తలుపులు తట్టి తిరిగిన వాళ్లు మనలో ఎంతో మంది ఉన్నరు. పోయిన తమ్ముడు గ్రూప్స్‌కు చదివేటోడు, మెస్సులో పప్పు నీళ్లయిందని కొట్లాడేటోడు, దసరాకు ఇంటికి పోతే అమ్మ కట్టిచ్చిన సకినాలు వింగంతా పంచేటోడు. బతికుంటే ఈపాటికి ఏ మండలంలోనో ఎంపీడీవో అయ్యేటోడు, ఏ జూనియర్ కాలేజీలోనో పాఠం చెప్పేటోడు. లేదంటే మనలాగే నోటిఫికేషన్ కోసం ఎదురుచూస్తూ ముప్పై దాటేటోడు. 2023లో ప్రశ్నపత్రాలు బయటికి పోయి గ్రూప్-1 పరీక్ష రద్దయినప్పుడు రోడ్డెక్కిన వాళ్లలో అతను కూడా ఉండేటోడు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2023 జూన్‌లో పెద్ద అమరజ్యోతి వెలిగించారు. మంచిదే. కానీ స్టీలు మీద సకినాల ముచ్చట రాయలేం. ఆ పని మనమే చెయ్యాలె. ఒక్కొక్కరికి ఒక్క పేజీ. గొప్పోళ్లకూ ఒకటే పేజీ, పేరు తెలియని తమ్ముడికీ ఒకటే పేజీ. పుట్టిన ఊరు, చదివిన బడి, తీసుకున్న సబ్జెక్టు, ఉన్న హాస్టల్, ఇష్టమైన పాట, చెయ్యాలనుకుని చెయ్యలేకపోయిన పని. తెలిసింది రాయండి. తెలియంది కల్పించి రాయొద్దు, ఖాళీ వదలండి. వాళ్ల ఊరోళ్లు ఎవరో ఒకరు నింపుతరు. సచివాలయంలో, కలెక్టరేట్లలో ఉన్న మిత్రులు తమతో చదివి, రిటైర్ కాకముందే పోయిన వాళ్ల పేజీలు రాయాలె. వాళ్లు గుండు తగిలి పోలేదు కాబట్టి ఏ సభలోనూ వాళ్ల పేరు రాదు. 42 రోజుల సకల జనుల సమ్మెలో జీతం వదులుకుని నిలబడ్డది వాళ్లే.

తలుపు పక్కన బల్ల మీద తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టినం. పోయేటప్పుడు పది నిమిషాలు కూర్చోండి. ఉర్దూలో రాసినా సరే, తెలుగులో రాసినా సరే. అమ్మలు, నాయనలు చెప్తే రాసుకోవడానికి జర్నలిజం తమ్ముళ్లు నలుగురు అక్కడే కూర్చున్నరు. ఊరి పేరు మండలంతో సహా రాయండి. రామాపురాలు, కొత్తపల్లెలు ప్రతి జిల్లాలో ఉన్నయి.