రిటైరయ్యాక గొంతుకు కొత్త ఉద్యోగం

కర్ణాటకలోని పావగడ తాలూకా వెంకటమ్మనహళ్లిలో బడిలోనో బ్యాంకులోనో పనిచేసి రిటైరైనవాళ్లకు అడక్కుండానే దొరికిన ఆస్తి ఒకటుంది. ఇంట్లో తెలుగు, ఆఫీసులో కన్నడం. డబ్బింగ్‌కి కావలసిందదే.

కన్నడంలోకి పరభాషా సినిమాల డబ్బింగ్ దశాబ్దాలపాటు జరగనివ్వలేదు. 2015లో కాంపిటీషన్ కమిషన్ ఆ అడ్డు తప్పన్నది. 2019లో ‘సైరా నరసింహారెడ్డి’ కన్నడంలోనూ విడుదలైంది. తెలుగు పెదవుల కదలికకు కన్నడ మాట అతకాలంటే రెండు భాషల లయా తెలిసిన చెవి ఉండాలి. తాతలు, న్యాయమూర్తులు, పూజారుల పాత్రలకు పండిన గొంతే నప్పుతుంది. ఇరవయ్యేళ్ల కుర్రాడు ఎంత బొంగురు తెచ్చిపెట్టుకున్నా తెలిసిపోతుంది!

సాధనకు స్టూడియో అక్కర్లేదు. బీరువా తెరిచి, బట్టల వైపు తిరిగి ఫోన్‌లో రికార్డు చేయండి, ప్రతిధ్వని తగ్గుతుంది. ఫోన్ జానెడు దూరంలో, నోటికి కాస్త పక్కగా పెడితే ‘ప’, ‘భ’ల గాలి దెబ్బ పడదు. చదవడానికి ‘కన్యాశుల్కం’ తీసుకోండి. రచయిత మరణించాక 60 ఏళ్లకు మన దేశంలో కాపీరైట్ తీరుతుంది; దీన్ని రాసిన గురజాడ పోయింది 1915లో. గిరీశాన్నీ, బుచ్చమ్మనూ ఒక్క గొంతుతోనే పలికి చూడండి, కష్టం తెలుస్తుంది.

2005లో మొదలైన ఆడియో పుస్తకాల వెబ్‌సైట్ లిబ్రివాక్స్‌లో ఇలా కాపీరైట్ తీరిన పుస్తకాలను స్వచ్ఛందంగా చదువుతారు. డబ్బు రాదు, అలవాటు వస్తుంది. ఆకాశవాణి నాటక విభాగానికైతే ఆడిషన్ ఉంటుంది. అవకాశం ఇప్పిస్తామని ముందే రుసుము అడిగేవాళ్లకు మాత్రం పైసా ఇవ్వకండి.