సింకు బిరడా మన చేతిలో పనే
(సమాఖ్య వార్షిక మహాసభలో నల్లపాడు సంఘం తరఫున చేసిన ప్రసంగం)

 

పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలు మా ముందు మాట్లాడిన అక్కలు చెప్పారు. మేము చెప్పేది చిన్న సంగతి. సింకులో నీళ్లు పోయే కన్నం గురించి, దాని జాలీ గురించి, దాని బిరడా గురించి. నవ్వకండమ్మా. ఆ కన్నం వల్లే కిందటి వేసవిలో మా సంఘంలో ఒక చెల్లెలి చెయ్యి కాలింది, రెండు నెలల కిస్తీ ఆగిపోయింది.

ఆమె మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. సాయంత్రం ఇంటికొచ్చి చేతులు, క్యారేజీ గిన్నెలు సింకులోనే కడుక్కునేది. జాలీ ఎప్పుడో విరిగిపోయింది. మిరప గింజలు, అన్నం మెతుకులు, నూనె జిడ్డు అన్నీ లోపలికి పోయి గొట్టంలో గడ్డ కట్టాయి. ప్లంబరును పిలిస్తే రెండు రోజుల కూలి అవుతుందని, ఎవరో చెప్పిన మాట విని యాసిడ్ తెచ్చి పోసింది. నీళ్లు కదల్లేదు. చెయ్యి పెట్టి కెలికింది. పదిహేను రోజులు పనికి పోలేకపోయింది. కిస్తీ కట్టలేక, మొహం చూపించలేక మీటింగుకు రావడమే మానేసింది. మేము ఇంటికి వెళ్లి అడిగితే గానీ సంగతి బయటపడలేదు.

చివరికి ప్లంబరు వచ్చాడు. కింద నట్టు విప్పాడు, గొట్టం దులిపాడు, మళ్లీ బిగించాడు. పావుగంట పని! మేము నలుగురం అక్కడే నిలబడి చూశాం. అడిగినవన్నీ ఆయన విసుక్కోకుండా చెప్పాడు. ఈ పావుగంట పని రాకనేనా మనమ్మాయి చెయ్యి కాల్చుకున్నది అని ఆ రోజు మాకు చాలా బాధేసింది. అప్పటినుంచి నేర్చుకున్నాం.

మన పాత ఇళ్లలో అంట్లు తోమే చప్టా ఉండేది, మూలన తూము ఉండేది. ఎలుక రాకుండా, పాము రాకుండా రాత్రిపూట తూముకు గుడ్డ కుక్కేవాళ్లం. అదే మన మొదటి బిరడా. 2012లో మన ఊరు గుంటూరు నగరపాలక సంస్థలో కలిసింది. ఇళ్లు మారాయి, సింకులు వచ్చాయి. తూము సంగతి మనకు తెలుసు గానీ సింకు కింద ఏముందో ఎవరూ చూపించలేదు.

ఏమీ లేదు, మూడే వస్తువులు. పైన జాలీ ఉన్న గిన్నెలాంటిది, దాన్ని షాపులో వేస్ట్ కప్లింగ్ అంటారు. దాని కింద రబ్బరు వాషరు, నట్టు. ఆ కింద గొట్టం. గొట్టానికి ఒక వంపు ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్లు నిలిచి ఉంటాయి. ఆ నీళ్లే కాలవ కంపును, బొద్దింకలను పైకి రాకుండా ఆపుతాయి. 1775లో లండన్‌లో అలెగ్జాండర్ కమ్మింగ్ అనే గడియారాలు చేసే ఆయన మరుగుదొడ్డి గొట్టానికి ఈ వంపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. అందుకే ముడతల గొట్టం వేసుకున్నవాళ్లు దాన్ని తిన్నగా లాగి వదిలేయొద్దు, వంచి కట్టండి. నెల రోజులు ఊరెళ్లి వస్తే ఆ నీళ్లు ఎండిపోయి కంపు వస్తుంది. ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు.

ఇక విప్పడం. ముందు కింద బకెట్ పెట్టండి. కింద నుంచి పైకి చూస్తూ నట్టును ఎడమకు తిప్పితే వదులవుతుంది, కుడికి తిప్పితే బిగుస్తుంది. గొట్టం ఊడదీసి, పెరట్లో దులిపి, పాత బ్రష్‌తో లోపల తోమండి. జాలీ మధ్యలో స్క్రూ ఉంటే స్క్రూడ్రైవరుతో విప్పండి. వాషరు గట్టిపడి పగిలి ఉంటే కొత్తది వేయండి. సగం కారడాలు అక్కడివే.

కొత్తది బిగించేటప్పుడు పాతది చేత్తో పట్టుకుని షాపుకు వెళ్లండి, కొలత తప్పదు. చేతులు కడిగే బేసిన్‌కు మామూలుగా 32 మిల్లీమీటర్లది, అంటే అంగుళంపావుది వస్తుంది. బేసిన్ పైఅంచు దగ్గర చిన్న రంధ్రం ఉంటే పక్కన చీలికలున్న హాఫ్ థ్రెడ్ అడగండి. రంధ్రం లేకపోతే ఫుల్ థ్రెడ్. మరకు టెఫ్లాన్ టేపు చుట్టండి. చేత్తో బిగించాక పానాతో పావు చుట్టు చాలు. పింగాణీ బేసిన్‌కు బలం చూపిస్తే పగిలిపోతుంది.

ఇళ్లలో పనికి వెళ్లే మన చెల్లెళ్లు బేసిన్లలో, బాత్‌టబ్బుల్లో నొక్కితే మూసుకుని, మళ్లీ నొక్కితే తెరుచుకునే బిరడాలు చూస్తుంటారు. అవి మొరాయిస్తే చాలావరకు కారణం వెంట్రుకలే. చాలా రకాల్లో పైమూతను ఎడమకు తిప్పితే ఊడి వస్తుంది. వెంట్రుకలు తీసి, కడిగి, మళ్లీ తిప్పి పెట్టేయొచ్చు. ఇంటివాళ్లను అడిగి మాత్రమే చేయండి.

స్నానాల గదిలో నేల జాలీ కింద బోర్లించిన గిన్నె ఉంటుంది. నీళ్లు తొందరగా పోతాయని దాన్ని తీసి పారేస్తారు. మర్నాటి నుంచి బొద్దింకలు. కడిగి మళ్లీ అక్కడే పెట్టండి.

యాసిడ్ మాట మళ్లీ చెప్తున్నాం. సింకులో పోయొద్దు. యాసిడ్, బ్లీచింగ్ పౌడరు కలిపారా, క్లోరిన్ విషవాయువు వస్తుంది, ఊపిరి ఆడదు. ఒంటి మీద పడితే కుళాయి కింద ఇరవై నిమిషాలు తగ్గకుండా కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

గొలుసు ఉన్న రబ్బరు బిరడా కూడా చవకే. వేసవిలో కుళాయి వదిలిపెట్టి అంట్లు కడిగే బదులు, బిరడా పెట్టి సింకులో నీళ్లు పట్టుకుని కడిగితే ఎన్ని బిందెలు మిగులుతాయో మీరే చూసుకోండి.

మా సంఘం నిధిలోంచి ఒక పానా, స్క్రూడ్రైవరు, టేపు, నాలుగు వాషర్లు కొని ఒక సంచిలో పెట్టాం. ఎవరికి కావాలంటే వాళ్లు పుస్తకంలో రాసి తీసుకెళ్తారు, తిరిగి ఇస్తారు. ప్రతి సంఘమూ అలాంటి సంచి ఒకటి పెట్టుకోవాలని ఈ మహాసభను కోరుతున్నాం.

ఆ చెల్లెలు కిస్తీలు మళ్లీ కడుతోంది. ఇవాళ సభకూ వచ్చింది. మా సంచి ఇప్పుడు ఆమె దగ్గరే ఉంటుంది. ఎవరింట్లో నీళ్లు నిలిచినా ముందు ఆమెనే పిలుస్తున్నాం.