పార్శిలు పేరుతో వచ్చే మోసపు సందేశాలు

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పశువుల దాణా గురించో, గాలికుంటు టీకాల గురించో మాట్లాడవలసిన వేదిక మీద ఫోనులో వచ్చే మోసాల గురించి మాట్లాడమన్నారేమిటా అని మీలో కొందరికి అనిపించవచ్చును. కాని సంగతి ఆలోచించండి. వెనుక పాల బిల్లు సంఘం బల్ల దగ్గర చేతికి లెక్కపెట్టి ఇచ్చేవారు. ఇప్పుడు చాలా సంఘాలలో అది నేరుగా సభ్యుల బ్యాంకు ఖాతాలో పడుతున్నది. ఆ ఖాతాకు తాళంచెవి మీ జేబులోని ఫోను. పదిహేను రోజులు రెండు పూటలా పాలు పోసి సంపాదించిన డబ్బు ఒక్క నిమిషంలో పోయే మార్గం కూడా అదే.

ఈ మోసాలలో తరచుగా కనిపించేది పార్శిలు సందేశం. ‘మీ పార్శిలు గిడ్డంగికి చేరినది, రెండుసార్లు ఇవ్వ ప్రయత్నించాము, చిరునామా సరిగా లేదు, 48 గంటలలో సరిచేయండి, లేకున్న తిరిగి పంపివేయబడును’ అని తపాలా శాఖ పేరుతో వస్తుంది. కింద ఒక లింకు ఉంటుంది. ఇది తపాలా శాఖ పంపినది కాదని, చిరునామా సరిచేయమంటూ లింకులతో ఆ శాఖ సందేశాలు పంపదని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ 2024లోనే ప్రకటించింది. అయినా అవి ఆగలేదు.

ఎందుకు నమ్ముతున్నామంటే, ఈ రోజులలో ఏదో ఒక పార్శిలు కోసం ఎదురుచూడని ఇల్లు లేదు. పాలు పితికే యంత్రానికి రబ్బరు గొట్టాలు, గడ్డి కోసే యంత్రానికి కత్తులు, పట్నంలో ఉన్న పిల్లలు పంపే బట్టలు అన్నీ పార్శిలులోనే వస్తున్నాయి. మోసగానికి మీ ఇంటి సంగతి తెలియదు. అతడు లక్షల నంబర్లకు ఒకే సందేశం పంపుతాడు. అందులో కొందరు నిజంగా పార్శిలు కోసం చూస్తూ ఉంటారు, వారు చిక్కుతారు.

లింకు నొక్కితే తపాలా శాఖ గుర్తు, ఎర్రరంగు, అన్నీ అచ్చంగా ఉన్న పేజీ వస్తుంది. పేరు, ఊరు, పిన్‌కోడు అడిగి, మళ్ళీ పంపడానికి 25 రూపాయలు కట్టమంటుంది. పాతిక రూపాయలే గదా అని కార్డు నంబరు, వెనుక ఉండే మూడంకెలు, చివరకు ఓటీపీ కూడా ఇచ్చేస్తాము. అతనికి కావలసినది పాతిక రూపాయలు కాదు, కార్డు వివరాలు. ఆ ఓటీపీ పాతిక రూపాయలకు వచ్చినదో, పాతిక వేలకు వచ్చినదో సందేశంలోనే రాసి ఉంటుంది. కాని అది ఇంగ్లీషులో ఉంటుంది, మనం అంకెలు మాత్రమే చూస్తాము. బ్యాంకులు ఈ సందేశాలను తెలుగులో పంపితే సగం మేలు జరిగేది.

ఇక వెబ్‌సైటు చిరునామా చదివే పద్ధతి చెబుతాను. ఇంగ్లీషు అంతగా రాకపోయినా ఇది నేర్చుకోవచ్చును. చిరునామా మొదట్లో జంట ఏటవాలు గీతలు ఉంటే వాటిని వదిలి, ఆ తరువాత మొదటి ఏటవాలు గీత వచ్చేవరకు ఉన్న భాగం తీసుకుని, దానిని కుడి చివర నుండి చూడాలి. తపాలా శాఖ అసలు చిరునామా ‘ఇండియాపోస్ట్ డాట్ గవ్ డాట్ ఇన్’. చివర ‘గవ్ డాట్ ఇన్’ అనేది ప్రభుత్వ సంస్థలకు మాత్రమే ఇస్తారు. మోసగాడు మొదట్లో ఇండియాపోస్ట్ అని పెట్టుకోగలడు గాని చివరకు వచ్చేసరికి ‘టాప్’ అనో ‘షాప్’ అనో మరొకటో పెట్టక తప్పదు. పక్కన తాళం బొమ్మ ఉన్నది గదా అని కొందరు అంటారు. తాళం బొమ్మకు అర్థం మధ్యదారిలో ఎవరూ చూడలేరని మాత్రమే, అవతల ఉన్నవాడు మంచివాడని కాదు. క్యానుకు మూత బిగించి సీలు వేసినంత మాత్రాన లోపల నీళ్ళు కలపలేదని మనం ఒప్పుకుంటామా? లాక్టోమీటరు వేసి చూస్తాము.

అసలు లింకు నొక్కవలసిన అవసరమే లేదు. స్పీడ్ పోస్టు రసీదు మీద 13 అక్షరాల నంబరు ఉంటుంది: ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, తొమ్మిది అంకెలు, చివర రెండు అక్షరాలు. ఆ నంబరును తపాలా శాఖ వెబ్‌సైటులో మీరే వేసి చూసుకోవచ్చును, లేదా పోస్టుమ్యాన్‌ను అడగవచ్చును. ప్రైవేటు కొరియరు అయితే వస్తువు కొన్న దుకాణపు యాప్‌లోనే పార్శిలు ఎక్కడున్నదీ తెలుస్తుంది. కొరియరు వారి నంబరు కోసం గూగుల్‌లో వెదకవద్దు. అక్కడ దొంగ నంబర్లు పెట్టి కూర్చున్నవారు ఉన్నారు. ఫోను చేయగానే ఒక యాప్ వేసుకోమంటారు, దానితో మీ ఫోను తెర మొత్తం వారికి కనబడుతుంది. వాట్సాప్‌లో ‘ఏపీకే’ అనే ఫైలు వస్తే అదీ ఇంతే, తెరవవద్దు.

మరొకటి. డెలివరీ మనిషినంటూ ఒకడు ఫోను చేసి, *21* అనో *401* అనో నొక్కి తాను చెప్పే నంబరు కలపమంటాడు. అలా చేస్తే మీకు వచ్చే ఫోనులన్నీ అతనికి మళ్ళిపోతాయి, బ్యాంకు ఫోనులో చెప్పే ఓటీపీతో సహా. ఈ సౌకర్యాన్ని 2024 ఏప్రిల్ 15 నుండి నిలిపివేయమని టెలికం శాఖ కంపెనీలను ఆదేశించింది. ఆ తరువాత కూడా ఈ పద్ధతి గురించి హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి.

మన వృత్తికి దగ్గరగా ఉన్న మోసం ఇంకొకటి ఉన్నది. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ముర్రా గేదెలు కావాలంటే మన రైతులు హర్యానా వైపు చూడడం మామూలే. ఇప్పుడు ఫేస్‌బుక్కులోను, యూట్యూబులోను నల్లగా నిగనిగలాడే గేదెలు, బకెట్టు నిండా నురుగుతో పాలు, ‘రెండవ ఈత, పూటకు 9 లీటర్లు, ఇంటికి చేరవేస్తాము’ అని ప్రకటనలు వస్తున్నాయి. సంతలో లక్ష దాటే గేదె అక్కడ నలభై వేలే. ముందు బయానా పంపమంటారు. తరువాత లారీకి ఎక్కిస్తున్న ఫోటో పంపుతారు. కొందరు రవాణా కంపెనీ పేరుతో వెబ్‌సైటు పెట్టి, లారీ ఎక్కడున్నదో చూపే నంబరు కూడా ఇస్తారు. ఆ తరువాత దారిలో లారీ ఆగిందంటారు. పశువైద్యుని ధ్రువపత్రానికి ఇంత, రాష్ట్ర సరిహద్దులో ఇంత, భీమాకు ఇంత, అది తిరిగి ఇచ్చేస్తామని ఒక మాట. ఇప్పటికే పంపినది పోతుందేమోనన్న భయంతో రైతు మళ్ళీ మళ్ళీ పంపుతాడు. 2024 జనవరిలో గురుగ్రామ్ ప్రాంతంలో ఒక పాడి రైతు ఇలాగే ఆన్‌లైనులో చవక ఆవుల కోసం సుమారు 23 వేల రూపాయలు పోగొట్టుకున్నట్లు పత్రికలలో వచ్చింది. ముర్రా పుట్టినిల్లయిన హర్యానాలోనే ఇలా జరిగితే, ఇంత దూరాన ఉన్న మన మాట చెప్పాలా?

గేదెను కొనేటప్పుడు పొదుగు చూసి, రెండు పూటలు పితికించి, పళ్ళు చూసి కొనే మనం ఫోటో చూసి డబ్బు పంపడమేమిటి? కనీసం వీడియోలో గేదె చెవికున్న 12 అంకెల ట్యాగు నంబరు చూపమనండి. ట్యాగు చూపినంత మాత్రాన కూడా డబ్బు పంపవద్దు. ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి వెళ్ళి చూసి, లారీలో తోడుగా రావడమే మంచిది. ఆ ఖర్చు ఎక్కువేమీ కాదు.

డబ్బు తిరిగి ఇస్తామని క్యూఆర్ బొమ్మ పంపితే ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. యూపీఐలో డబ్బు పంపడానికే పిన్ కావాలి, తీసుకోవడానికి అక్కరలేదు. పిన్ అడిగిందంటే మీ ఖాతాలో నుండి పోబోతున్నదని అర్థం.

ఇక మీ పేర మత్తుమందుల పార్శిలు దొరికింది, వీడియోలో అరెస్టు చేస్తున్నామని పోలీసు దుస్తులలో బెదిరించేవారు కూడా ఉన్నారు. ‘డిజిటల్ అరెస్టు’ అనేది చట్టంలో లేదు. ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరులో రేడియో ప్రసంగంలో ఈ మాట చెప్పారు. ఫోను పెట్టివేయడమే.

ఇంత చెప్పినా ఎవరికో ఒకరికి డబ్బు పోతుంది. పోయినవెంటనే 1930కి ఫోను చేయాలి. డబ్బు ఏ ఖాతాకు వెళ్ళినదో ఆ బ్యాంకుకు వారు కబురు పంపి, ఇంకా అక్కడే ఉంటే ఆపివేయిస్తారు. మోసగాళ్ళు ఒక ఖాతా నుండి మరొక ఖాతాకు నిమిషాలలో మారుస్తారు గనుక తెల్లవారి చూద్దామంటే కుదరదు. చెల్లింపు తాలూకు 12 అంకెల నంబరు, సందేశం, అవతలివాని నంబరు చెరపకుండా ఉంచండి. ‘సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్’లో కూడా ఫిర్యాదు ఇవ్వవచ్చును. అదే సమయంలో బ్యాంకుకు తెలియజేసి రసీదు నంబరు తీసుకోండి. రిజర్వు బ్యాంకు 2017 జులైలో ఇచ్చిన ఆదేశాలలో, మీరే ఓటీపీ, పిన్ చెప్పి పోగొట్టుకున్నది మీ నష్టమేనని చెప్పింది. కాని బ్యాంకుకు తెలియజేసిన తరువాత జరిగే నష్టం బ్యాంకుదే. అందుచేత ప్రతి గంటా లెక్కే.

ఇందులో మహిళా సభ్యుల సంగతి ప్రత్యేకం. ఖాతా ఆమె పేరనే ఉంటుంది, ఫోను మాత్రం భర్త దగ్గరో, ఆటలాడుకునే పిల్లవాని చేతిలోనో ఉంటుంది. పిల్లవాడు లింకు నొక్కిన సంగతి ఆమెకు పాల బిల్లు తీసుకోబోయిన రోజున తెలుస్తుంది. కొందరు ఇంట్లో తిడతారని నాలుగు రోజులు దాచిపెడతారు, ఆ నాలుగు రోజులలో డబ్బు చేయిదాటిపోతుంది. దయచేసి ఇంట్లోవారు తిట్టడం తరువాతకు పెట్టుకుని ముందు 1930కి ఫోను చేయండి. కార్యదర్శులు ఆ నంబరును పాల సేకరణ కేంద్రంలో వెన్న శాతం ధరల పట్టిక పక్కనే పెద్ద అక్షరాలతో రాయించవలసినదిగా కోరుతున్నాను.

ఇప్పుడు మీలో ఎవరి ఫోనులోనైనా ఇటువంటి సందేశం ఉంటే నొక్కకుండా ఇటు తీసుకురండి. ఆ చిరునామాలు కుడి చివర నుండి అందరం కలిసి చదువుదాము.