పండుగ మూడు రోజులు, డబ్బాలు ముప్ఫై రోజులు

(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సంక్రాంతి దగ్గర పడుతున్నందున, పండుగల్లో ఒళ్ళు పెరగకుండా ఉండే సంగతి మాట్లాడమని కార్యవర్గం వారు ఆదేశించారు. నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైన వాడిని. కనుక లెక్కల వైపు నుంచి చెబుతాను.

మనం భోగి, సంక్రాంతి, కనుమ భోజనాలను తప్పుపడతాం. ఆ మూడు రోజుల పాత్ర కొంతే. అసలు ఖర్చు ముక్కనుమ దాటాక మొదలవుతుంది. పిల్లలు వెళ్ళిపోతారు. అరిసెల డబ్బా, జంతికల డబ్బా, తెలంగాణ వైపు అయితే సకినాల డబ్బా, ఇంట్లో మిగిలిన ఇద్దరు ముసలివాళ్ళ ముందు కూర్చుంటాయి. పొద్దున కాఫీతో ఒకటి, పేపరు చదువుతూ ఒకటి, మధ్యాహ్నం కునుకు తీసి లేచాక ఒకటి. ఇది భోజనం పద్దులో పడదు, టిఫిను పద్దులోనూ పడదు. వోచరు లేని ఖర్చు!

2000 సంవత్సరంలో అమెరికాలో ఒక వైద్య పత్రిక 195 మంది బరువుల లెక్క ప్రచురించింది. అక్కడి పండుగల రోజుల్లో, అంటే నవంబరు నుంచి జనవరి మొదటి వరకు, వారు సగటున పెరిగింది 370 గ్రాములే. అంతేనా అనిపిస్తుంది. అయితే తరువాత వేసవి వచ్చినా ఆ పెరిగింది తగ్గలేదు. మన పండుగ వేరు, తిండి వేరు. కానీ ఏటా కొంచెం చొప్పున ఓపెనింగ్ బాలెన్సు పెరుగుతూ పోతే పదేళ్ళకు ఏమవుతుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కరలేదు.

అరిసెలో ఉన్నది బియ్యప్పిండి, బెల్లం, నూనె లేదా నెయ్యి. గ్రాము బెల్లానికి దాదాపు 4 కాలరీలు, గ్రాము నూనెకు 9. "పంచదార కాదండీ, బెల్లమే కదా" అని షుగరు ఉన్న మిత్రులు తమకు తామే శాంక్షను ఇచ్చుకుంటారు. రక్తంలోకి చేరాక రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఇంకొక పొరపాటు, మధ్యాహ్నం విందు ఉందని పొద్దున పస్తుండడం. ఇన్సులిను గానీ, కొన్ని రకాల షుగరు మాత్రలు గానీ వాడేవారు ఇలా చేస్తే షుగరు ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు పట్టి, కళ్ళు తిరిగి పడిపోయేవారున్నారు. మందు వేసుకున్నవారు వేళకు తినాలి, తక్కువ తినాలి. మోతాదు మార్చాలంటే డాక్టరు గారిని అడగాలి.

గుండె జబ్బు ఉన్నవారికి ఒక మాట. మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, ఒంట్లో నీరు. జంతికల్లో, పచ్చళ్ళలో ఉప్పు తక్కువేమీ ఉండదు. కాళ్ళు వాచినా, పడుకుంటే ఆయాసం వచ్చినా, పండుగ అని ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మన చిన్నతనంలో అరిసెలు ఎక్కువే వండేవారు. కాని తినేవారు ఎందరు? ఇంట్లో పదిహేను మంది, పాలేళ్ళు, ఇరుగుపొరుగు, అడిగి వచ్చిన వాళ్ళు. ఇప్పుడు ఇద్దరం ఉండి కిలోల లెక్కన ఆర్డరు ఇస్తున్నాం. సగానికి తగ్గించండి. వచ్చిన వాటిని కనుమ నాడే పిల్లల సంచుల్లోకి, పనిమనిషి ఇంటికి, వాచ్‌మన్ ఇంటికి పంపించండి. కనుమకు గారెలు తప్పవు, తినండి. రెండు గారెలు వేయించుకుంటే అన్నం ఆ మేరకు తగ్గాలి.

విస్తరి ముందు మన చిక్కు మొహమాటం. "వద్దు" అంటే కోడలు నొచ్చుకుంటుంది. "అమ్మా, సగం ముక్క పెట్టు, బాగుంటే నేనే అడుగుతాను" అనండి. ఆ అమ్మాయికీ తృప్తి, మనకూ క్షేమం. అమ్మాయిలకు, కోడళ్ళకు నా మనవి: మాత్రలు మింగే పెద్దవాళ్ళను బలవంతం చేయకండి తల్లీ.

పొద్దున మంచులో నడవలేకపోతే సాయంత్రం నాలుగింటికి బయలుదేరండి. వీధి ముగ్గులు చూస్తూ అరగంట ఇట్టే గడుస్తుంది.

భోగికి ముందు ఒకసారి, నెలాఖరున ఒకసారి బరువు చూసుకోండి. నడుము కూడా కొలుచుకోండి. మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలని మన దేశపు డాక్టర్లు చెబుతున్నారు. ఇందుకోసం సంఘం ఆఫీసులో బరువు చూసే మిషను ఒకటి కొనిపించమని కార్యదర్శి గారిని కోరుతున్నాను. విరాళం పద్దులో మొదటి ఐదు వందలు నావి.

సెలవు.