నోటీసుకూ సమ్మెకూ మధ్య
(వి.వి. గిరి స్మారకోపన్యాసం)



వరాహగిరి వెంకటగిరి గారి పేరిట జరిగే సభలో సమ్మె హక్కు గురించి కాక మరి దేని గురించి మాట్లాడతాం? చాలామందికి ఆయన రాష్ట్రపతిగానే గుర్తున్నారు. నాకు మాత్రం ముందుగా గుర్తొచ్చేది రైల్వే కార్మికుల గిరి. బరంపురంలో పుట్టిన ఈ తెలుగు బిడ్డ 1913లో న్యాయశాస్త్రం చదువుకోవడానికి డబ్లిన్ వెళ్లారు. యజమానులు వేలాది కార్మికులను నెలల తరబడి గేటు బయట నిలబెట్టిన డబ్లిన్ లాకౌట్ మొదలైంది కూడా ఆ ఏడాదే. 1916లో ఐరిష్ తిరుగుబాటు అయ్యాక స్వదేశం వచ్చేశారు. తర్వాత హౌరా నుంచి మన వాల్తేరు దాకా సాగిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో కార్మికులను కూడగట్టారు. ఖరగ్‌పూర్ వర్క్‌షాపులో ఉద్వాసనల మీద 1927లో జరిగిన పోరాటానికి నాయకత్వం వహించారు. ఆ వర్క్‌షాపు పుణ్యాన ఖరగ్‌పూర్ నేటికీ సగం తెలుగు ఊరులా ఉంటుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన దేశంలో చట్టం సమ్మెను పూర్తిగా నిషేధించలేదు. అయితే కార్మికుడు సమ్మెలోకి దిగిన రోజున దాన్ని చట్టవిరుద్ధం అనడానికి కావలసిన సరంజామా అంతా సిద్ధంగా పెట్టుకుంది. ఆ సరంజామా ఎలా పోగైందో చూద్దాం.

మద్రాసుతో మొదలుపెడతాను. పెరంబూరులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లులు బిన్నీ కంపెనీవి. సెల్వపతి చెట్టి, రామానుజులు నాయుడు అనే ఇద్దరు చిన్న వ్యాపారులు అక్కడ ఒక భక్తి సభ నడిపేవారు. పురాణ కాలక్షేపానికి వచ్చిన మిల్లు కార్మికులు తమ కష్టాలు కూడా చెప్పుకునేవారు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే విరామం చాలడం లేదన్నది అందులో ఒకటి. ఆ ఇద్దరూ వెళ్లి హోంరూల్ ఉద్యమ నాయకుడు బి.పి. వాడియాను కలిశారు. 1918 ఏప్రిల్ 27న మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. భజన చేసుకునే చోట యూనియన్ పుట్టడం నాకు ఎంతో ఇష్టమైన ఘట్టం. కష్టం చెప్పుకోవడానికి మనిషికి ఒక చోటు దొరికితే చాలు, మిగతాది దానంతట అదే వస్తుంది.

1920లో గొడవ ముదిరాక కంపెనీ హైకోర్టుకు వెళ్లింది. కార్మికులు కంపెనీతో చేసుకున్న ఒప్పందాన్ని ఉల్లంఘించేలా వాడియా, ఆయన సహచరులు వారిని ప్రేరేపిస్తున్నారని దావా వేసింది. కోర్టు ఇంజంక్షన్ ఇచ్చింది. అంటే, జీతం పెంచమని అడగండంటూ పనివాళ్లకు సలహా ఇచ్చిన మనిషి నష్టపరిహారం కట్టుకోవలసిన ముద్దాయి అయ్యాడు. చివరికి రాజీ కుదిరింది. వాడియా యూనియన్‌కు దూరం కావడం ఆ రాజీలో భాగం. ఇంగ్లండ్‌లో 1901లో టాఫ్ వేల్ రైల్వే కేసులో ఇలాంటి తీర్పే వస్తే, అక్కడి పార్లమెంటు 1906లో చట్టం చేసి యూనియన్లను కాపాడింది. ఇక్కడ 1921లో కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషి కేంద్ర శాసనసభలో తీర్మానం పెట్టారు. ఆ తర్వాత అయిదేళ్లకు, 1926లో ట్రేడ్ యూనియన్ల చట్టం వచ్చింది. 17, 18 సెక్షన్ల కింద రిజిస్టరైన యూనియన్ నాయకులకు క్రిమినల్ కుట్ర కేసుల నుంచీ, ఇలాంటి సివిల్ దావాల నుంచీ రక్షణ దొరికింది. నేటి పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ రక్షణ ఉంది. మనకు దక్కిన మొదటి విజయం అది. నా దృష్టిలో ఇప్పటికీ అదే పెద్ద విజయం.

ఆ విజయం దక్కిన మూడేళ్లకే 1929లో ట్రేడ్ డిస్ప్యూట్స్ చట్టం వచ్చింది. ప్రజావసర సేవల్లో నోటీసు లేకుండా సమ్మె చేస్తే నేరమంది. ఇతర పరిశ్రమల కార్మికులకు మద్దతుగా చేసే సమ్మెలను కట్టడి చేసింది. భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ ఆ ఏప్రిల్ 8న ఢిల్లీ శాసనసభలో బాంబులతో పాటు విసిరిన కరపత్రంలో ఈ బిల్లు ప్రస్తావన ఉంది. పాఠ్యపుస్తకాల్లో బాంబులు మిగిలాయి, బిల్లు మాత్రం మాయమైంది. 1938లో బొంబాయి ప్రభుత్వం ఇదే దారిలో మరో బిల్లు తెచ్చినప్పుడు శాసనసభలో డాక్టర్ అంబేద్కర్ ఎదురు నిలిచారు. పని మానేయడం మహా అయితే ఒప్పంద ఉల్లంఘన అవుతుందని, దానికి జైలు శిక్ష వేస్తే మనిషిని బానిసను చేసినట్టేనని ఆయన వాదించారు. ఆ ఏడాది నవంబరు 7న బొంబాయి కార్మికులు ఆ బిల్లుకు వ్యతిరేకంగా సమ్మె చేశారు.

ఇక 1947 పారిశ్రామిక వివాదాల చట్టం. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, అసలు కిటుకంతా ఇందులోనే ఉంది. ఆ చట్టం అమల్లో ఉన్న రోజుల్లో ఒక ఆర్టీసీ డిపో కార్మికులు జూన్ 1న సమ్మె నోటీసు ఇచ్చారనుకోండి. ఆర్టీసీ ప్రజావసర సేవ కాబట్టి 22వ సెక్షన్ ప్రకారం నోటీసు ఇచ్చాక పద్నాలుగు రోజులు ఆగాలి. ఆగుతారు. కానీ 20వ సెక్షన్ ప్రకారం ఆ నోటీసు కన్సిలియేషన్ అధికారికి అందిన రోజే రాజీ ప్రక్రియ మొదలైనట్టు లెక్క. రాజీ ప్రక్రియ నడుస్తుండగానూ, ముగిసిన ఏడు రోజుల దాకానూ సమ్మె చేయకూడదు. ఆ అధికారి నివేదిక ప్రభుత్వానికి చేరితేనే ప్రక్రియ ముగిసినట్టు. ముగిశాక ప్రభుత్వం వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపిస్తే 10వ సెక్షన్ కింద సమ్మెను ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. ట్రిబ్యునల్లో కేసు ఉన్నంతకాలం సమ్మె మళ్లీ చట్టవిరుద్ధం. అంటే చట్టం అడిగిన నోటీసు ఇవ్వడంతోనే సమ్మెకు తలుపు మూసుకుంటుంది. మామూలు ఫ్యాక్టరీలకు మాత్రం ఈ నోటీసు బాధ ఉండేది కాదు. ఈ తేడాను గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

గిరి గారికి ఈ నిర్బంధ తీర్పుల పద్ధతి ఎంతమాత్రం నచ్చలేదు. 1952లో కేంద్ర కార్మిక మంత్రి అయ్యాక నైనితాల్ కార్మిక సదస్సులో తన అభిప్రాయాన్ని బల్ల గుద్ది చెప్పారు. యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలని, ట్రిబ్యునల్ చేతికి కర్ర ఇస్తే ఇద్దరికీ మాట్లాడుకునే అలవాటే పోతుందని ఆయన నమ్మకం. దాన్నే ‘గిరి అప్రోచ్’ అన్నారు. ప్రభుత్వం ఆ మాట వినలేదు. 1954లో బ్యాంకు ఉద్యోగులకు అనుకూలంగా అప్పిలేట్ ట్రిబ్యునల్ ఇచ్చిన అవార్డును ప్రభుత్వం మార్చేసింది. గిరి మంత్రి పదవికి రాజీనామా చేశారు. కార్మికుల జీతాల విషయంలో కుర్చీ వదిలిన కేంద్ర మంత్రులు మనకు ఎంతమంది ఉన్నారు?

ఆయన జీవితంలో బాధాకరమైన ఘట్టాన్ని కూడా దాచకూడదు. 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మెలో పదిహేడు లక్షల మంది పాల్గొన్నారు. చర్చలు నడుస్తుండగానే, మే 2న, సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ను లక్నోలో అరెస్టు చేశారు. డిఫెన్స్ ఆఫ్ ఇండియా రూల్స్ ప్రయోగించారు. వేలమందిని జైళ్లలో పెట్టారు, ఉద్యోగాల్లోంచి తీసేశారు, కుటుంబాలను క్వార్టర్ల నుంచి వెళ్లగొట్టారు. మే 27న సమ్మె విరమించారు. ఆ రోజుల్లో రాష్ట్రపతి భవన్‌లో ఉన్నది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే యూనియన్ నాయకుడే. రాజ్యాంగం రాష్ట్రపతి చేతులు ఎంతగా కట్టేస్తుందో నాకు తెలుసు. అయినా ఆ ఇరవై రోజులూ ఆయన మనసులో ఏం మెదిలిందోనని ఆలోచించకుండా ఉండలేను.

సింగరేణి కథ వేరు. అక్కడ పోరాటం చట్టంలోని ఒకే ఒక్క వాక్యం మీద జరిగింది. 1936 వేతన చెల్లింపు చట్టం 9వ సెక్షన్ ప్రకారం పదిమంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని, సరైన కారణం లేకుండా, నోటీసు ఇవ్వకుండా పని మానేస్తే ఎనిమిది రోజుల వేతనం దాకా కోత పెట్టే వీలుండేది. బొగ్గుబాయి కార్మికుడి భాషలో చెప్పాలంటే ఒక మస్టరు పోతే ఎనిమిది మస్టర్ల కోత. బాయిలో పైకప్పు కూలి తోటివాడు చనిపోతే, ఆ కోపంలో షిఫ్టు మానేసి పైకి వచ్చినవాడు నోటీసు ఎక్కడి నుంచి తెస్తాడు? 1981లో సింగరేణి కార్మికులు ఆ కోతకు వ్యతిరేకంగా 56 రోజులు సమ్మె చేశారు. చీటీ మీద సున్నా పడుతున్నా నెలదాటి నిలబడ్డారు. ఆ చట్టం స్థానంలో వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఆ ఎనిమిది రోజుల మాట ఇంకా అలాగే ఉంది.

న్యాయస్థానాల సంగతి క్లుప్తంగా చెబుతాను. సంఘం పెట్టుకునే ప్రాథమిక హక్కులో సమ్మె హక్కు లేదని సుప్రీంకోర్టు 1961లోనే, బ్యాంకు ఉద్యోగుల కేసులో చెప్పింది. 2003లో తమిళనాడు ప్రభుత్వం సమ్మె చేసిన ఉద్యోగులను, సుమారు లక్షా డెబ్బైవేల మందిని, ఒక్కదెబ్బతో తొలగించింది. దాని మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు రంగరాజన్ తీర్పుగా ప్రసిద్ధం. ప్రభుత్వోద్యోగులకు సమ్మె చేసే ప్రాథమిక హక్కు గానీ, చట్టపరమైన హక్కు గానీ, నైతిక హక్కు గానీ లేవంది ఆ తీర్పు. చట్టం ఏం చెబుతోందో తేల్చడం కోర్టు పని. ఆకలిగొన్నవాడికి నైతిక హక్కు ఉందా లేదా అని చెప్పే పని మాత్రం ఏ కోర్టుదీ కాదని సవినయంగా మనవి చేస్తున్నాను.

మన కళ్ల ముందు జరిగిన రెండు సమ్మెలు. 2019లో తెలంగాణ ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. విధుల్లోకి రానివాళ్లు తమంతట తామే ఉద్యోగం పోగొట్టుకున్నట్టేనని ప్రభుత్వం ప్రకటించింది. అలాంటి తొలగింపు ఏ కార్మిక చట్టంలోనూ లేదు. 2023 డిసెంబరు 12 నుంచి ఆంధ్రప్రదేశ్ అంగన్‌వాడీ వర్కర్లు, హెల్పర్లు 42 రోజులు సమ్మె చేశారు. కనీస వేతనం అడిగితే మీరు గౌరవ వేతనం మీద పనిచేసే స్వచ్ఛంద కార్యకర్తలు అన్నారు. సమ్మెలోకి దిగాక 2024 జనవరి 6న మీది అత్యవసర సేవ అంటూ అత్యవసర సేవల నిర్వహణ చట్టం (ఎస్మా) ప్రయోగించారు. అప్పట్లో నెలకు మహా అయితే 11,500 రూపాయలు తీసుకున్న ఆ అక్కచెల్లెళ్లు జీతం దగ్గర ఉద్యోగులు కారు, సమ్మె దగ్గర మాత్రం అత్యవసర ఉద్యోగులు. ఇంతకు మించిన అన్యాయాన్ని నేను సమ్మెల చరిత్రలో ఎక్కువ చూడలేదు.

ఇప్పుడు పారిశ్రామిక సంబంధాల కోడ్. పార్లమెంటు 2020లో ఆమోదించింది, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. ఇందాక గుర్తుంచుకోమన్న తేడా ఇక లేదు. ప్రజావసర సేవలకే ఉన్న నోటీసు నియమాన్ని 62వ సెక్షన్ ప్రతి పారిశ్రామిక సంస్థకూ పట్టించింది. బట్టల మిల్లుకూ బిస్కెట్ల ఫ్యాక్టరీకీ ఒకే రూలు. సగం మంది గానీ అంతకు మించి గానీ కూడబలుక్కుని ఒకేరోజు క్యాజువల్ సెలవు పెడితే అదీ సమ్మేనట. వివాదాన్ని ట్రిబ్యునల్‌కు పంపడానికి పూర్వం ప్రభుత్వం తలచుకోవాలి. ఇప్పుడు రాజీ కుదరకపోతే యజమాని కూడా నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. కేసు నడిచినంతకాలం, ముగిశాక మరో అరవై రోజులు సమ్మె నిషిద్ధం. అంటే సమ్మెను ఆపే తాళంచెవి యజమాని చేతికే వచ్చింది. 1947లో యాభై రూపాయలున్న జరిమానా ఇప్పుడు వెయ్యి నుంచి పదివేలు, నెల రోజుల దాకా జైలు. 51 శాతం మద్దతున్న యూనియన్‌తోనే చర్చించాలన్న నిబంధన మాత్రం మంచిది. గిరి గారు ఉంటే దాన్ని స్వాగతించి ఉండేవారని అనుకుంటాను. అయితే చేతిలో సమ్మె లేకుండా చర్చలకు కూర్చున్నవాడు అర్జీ పెట్టుకోవడానికి వెళ్లినట్టే.

ఇక్కడున్న లా విద్యార్థులకూ యూనియన్ నాయకులకూ ఒక విన్నపం. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. రాష్ట్రపతి ఆమోదంతో రాష్ట్ర శాసనసభలు కోడ్‌ను సవరించుకోవచ్చు. మంచినీళ్లు, కరెంటు, ఆసుపత్రుల వంటి ప్రాణావసర సేవలకే నోటీసు నియమాన్ని పరిమితం చేయాలి. యజమాని ఒక్కడి దరఖాస్తుతో సమ్మె చట్టవిరుద్ధం కాకూడదు. పని మానేసిన కార్మికుడికి జైలు శిక్ష ఉండకూడదు. ఈ మూడు సవరణలతో ఒక ముసాయిదా రాయండి. అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ మీ ఎమ్మెల్యేల చేతికి ఇవ్వండి. దాన్ని సభలో పెట్టేదాకా వాళ్లను వదలకండి.